బొమ్మకూ యజమాని ఉంటాడు



ఎన్టీఆర్ జిల్లా తిరువూరు నుండి ఒక సోదరి రాసిన ఉత్తరమే ఈ నెల మా శీర్షికకు ఆధారం. డిగ్రీ పూర్తిచేసిన ఆమె, తండ్రిగారు నడుపుతున్న చిన్న డీటీపీ దుకాణానికి ఇంటి నుండే సాయపడుతున్నారు. నికాహ్, వలీమా ఆహ్వాన పత్రికలు, రమజాన్ నెల సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికలు, మామిడి వ్యాపారుల ఫ్లెక్సీలు వారికి వచ్చే పనులు. ఆమె మూడు ప్రశ్నలు అడిగారు. ఫొటోలను సరిదిద్దడం ఏ సాఫ్ట్‌వేరుతో నేర్చుకోవాలి? అందుకు కావలసిన బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి? మూడవ ప్రశ్న బరువైనది. గడచిన రమజాన్‌లో ఇంటర్నెట్‌లో కనిపించిన ఒక మసీదు ఫొటోతో వేళల పట్టిక తయారుచేసి ఇచ్చారు. ఆ ఫొటో తీసిన వ్యక్తి ఇటీవల దుకాణానికి ఫోన్ చేసి, తనను ఒక్కమాట ఎందుకు అడగలేదని నిలదీశారు. “నేను చేసింది దొంగతనమా?” అని సోదరి బాధతో రాశారు.

ఇలాంటి ఫోన్ రాకపోయినా ఇదే పని చేస్తున్న యువతీయువకులు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. అందువల్ల మూడు ప్రశ్నలకూ కలిపి, క్రమంగా జవాబు చెబుతాము.

ముందుగా పనిముట్టు

కొత్తగా నేర్చుకునేవారికి మేము సూచించేది జింప్. 1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో చదువుతున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీనిని మొదలుపెట్టారు. నేడు అనేక దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు దీనిని అభివృద్ధి చేస్తున్నారు. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ పనిచేస్తుంది. జింప్ సొంత వెబ్‌సైటు నుండి రుసుము లేకుండా దింపుకోవచ్చు. వాడుకోవడానికి, ఇతరులకు నకలు ఇవ్వడానికి, సంపాదనకు ఉపయోగించుకోవడానికి దాని లైసెన్సే అనుమతి ఇస్తున్నది. ఖరీదైన సాఫ్ట్‌వేరును ‘క్రాక్’ చేసి వాడే అలవాటు మన ఊళ్లలో కొత్తది కాదు. ఉపాధికి వేసే పునాదిరాయే పరాయిదైతే ఆ సంపాదనలో బర్కత్‌ను ఎలా ఆశించగలం? హలాల్ దారి ఉచితంగానే తెరిచి ఉన్నప్పుడు ఆ అవసరమూ లేదు.

పని మొదలుపెట్టేముందు మూడు నియమాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, అసలు ఫొటోను ఎన్నడూ మార్చరాదు. నకలు తీసుకుని దాని మీదే పనిచేయాలి. రెండవది, ప్రతి మార్పునూ వేరే పొర మీద, అంటే లేయర్ మీద చేయాలి. ఒకదానిపై ఒకటి పేర్చిన గాజుపలకల వంటివి ఈ పొరలు. అడుగు పలక మీద మసీదు, దాని పైపలక మీద నీడ, ఆ పైన అక్షరాలు ఉంటాయి. అక్షరాల్లో తప్పు దొర్లితే ఆ పలకను మాత్రమే దిద్దుకోవచ్చు. మూడవది, పని సాగుతున్నంతకాలం ఫైలును జింప్ సొంత రూపమైన ఎక్స్‌సీఎఫ్‌లోనే భద్రపరచాలి. పొరలు విడివిడిగా నిలిచేది అందులోనే. పూర్తయ్యాక ‘ఎక్స్‌పోర్ట్’ ద్వారా జేపెగ్‌గానో, పీఎన్‌జీగానో ఇవ్వాలి. జేపెగ్ ఫైలును తెరిచి, దిద్ది, మళ్లీ మళ్లీ భద్రపరిస్తే ప్రతిసారీ కొంత నాణ్యత కరిగిపోతుంది.

మొదటి నెలలో నాలుగు పనులు వస్తే చాలు: అంచులు కత్తిరించడం, కొలత మార్చడం, ‘లెవెల్స్’ ద్వారా వెలుగునీడలను సరిచేయడం, అక్షరాలు చేర్చడం. మిగిలినవి వీటి మీదనే కట్టుకోవచ్చు.

అచ్చుపనిలో కొత్తవారు ఎక్కువగా పొరబడేది కొలత దగ్గర. కాగితం మీద స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు, అంటే 300 డీపీఐ ఉండాలని లెక్క. ఏ4 కాగితం నిండా రావలసిన బొమ్మకు 2480 చుక్కల వెడల్పు, 3508 చుక్కల ఎత్తు కావాలి. 4000 చుక్కల వెడల్పున్న ఫోన్ కెమెరా ఫొటో 13 అంగుళాల వరకు చక్కగా అచ్చవుతుంది. అదే ఫొటో వాట్సాప్‌లో సాధారణ పద్ధతిలో వస్తే కుదించుకుపోతుంది. 1600 చుక్కలకు తగ్గిన ఫొటో 5 అంగుళాలకు మించి పనికిరాదు. అందుకే ఫొటోను ‘డాక్యుమెంట్’గా పంపమని ఖాతాదారులను అడగాలి. దూరం నుండి చూసే ఫ్లెక్సీకి అంత సాంద్రత అక్కరలేదు, 72 నుండి 100 డీపీఐ సరిపోతుంది.

రంగుల సంగతి కూడా చెప్పుకోవాలి. కంప్యూటర్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను కలిపి రంగులు చూపుతుంది. అచ్చుయంత్రం నాలుగు సిరాలతో వాటిని తేవాలి. తెర మీద మెరిసిన ఆకుపచ్చ కాగితం మీద మందగించడం అందువల్లనే. వేయి ప్రతులు వేయించే ముందు ఒక్క ప్రతి తీసి చూసుకోవడం మేలు.

అక్షరాలకు యూనికోడ్ ఫాంట్లనే వాడాలి. అను వంటి పాత పద్ధతి ఫాంట్లలో టైపు చేసిన వాక్యాన్ని యూనికోడ్ ఫాంటులోకి మారిస్తే గజిబిజి అవుతుంది. మండలి, సూరన్న, రామభద్ర, గిడుగు వంటి అందమైన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. అవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వెలువడినవి కనుక ఆహ్వాన పత్రికలకు, ఫ్లెక్సీలకు నిస్సంకోచంగా వాడుకోవచ్చు. బొమ్మకే కాదు, అక్షరానికీ లైసెన్సు ఉంటుందని దీనివల్ల తెలుస్తున్నది.

ప్రాణుల చిత్రాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్న సంగతి పాఠకులకు తెలుసు. కెమెరా ఫొటోను చేతితో గీసిన చిత్రంతో సమానంగా చూసేవారున్నారు, అద్దంలోని ప్రతిబింబం వంటిదని భావించేవారూ ఉన్నారు. ఆ విషయంలో ఎవరికి వారు తాము విశ్వసించే ఆలిమ్‌ను సంప్రదించుకోవాలి. నేర్చుకునే అభ్యాసాలకు మాత్రం మేము మసీదు, తోట, అక్షరాలనే ఎంచుకుంటున్నాము.

కంచె లేని తోట

తిరువూరు పరిసరాల్లో మామిడి తోటలకు కొదవలేదు. కంచె లేని తోట పక్క నుండి దారి పోతున్నదనుకుందాం. చేతికందే ఎత్తులో కాయలు వేలాడుతున్నాయి. అందినంత మాత్రాన బస్తాలకెత్తి సంతలో అమ్ముకోవచ్చునని ఎవరూ అనరు. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటో కూడా అంతే. గూగుల్ ఆ తోటకు యజమాని కాదు, దారి చూపే మనిషి మాత్రమే. “గూగుల్‌లో దొరికింది” అనే మాట అనుమతి ఎన్నటికీ కాదు.

మన దేశంలో దీనికి 1957 నాటి కాపీరైటు చట్టం వర్తిస్తుంది. ఫొటో తీసిన క్షణమే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఫొటో మీద ‘సి’ గుర్తు లేనంత మాత్రాన అది ఊరుమ్మడి సొత్తు కాదు. తీసినవారి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. తెలిసి ఉల్లంఘించినవారికి 6 నెలల నుండి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా చట్టంలో ఉన్నాయి. ఇంట్లో సొంతంగా నేర్చుకోవడానికి, పరిశోధనకు, విమర్శకు చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. డబ్బు తీసుకుని అచ్చువేసి ఇచ్చే పనిని సొంత వాడకం అనలేము.

పెళ్లి ఫొటోల గురించి చాలామందికి సందేహం ఉంటుంది. డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులని ఈ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతున్నది. కనుక ఆ ఫొటోలను స్టూడియోవారు తమ ప్రచారానికి వాడుకోదలిస్తే కుటుంబాన్ని అడగవలసిందే. బిల్లు వెనుక ముద్రించిన షరతులను చదవకుండా సంతకం చేయరాదని చెప్పడానికి కారణం కూడా ఇదే.

ఇక ధర్మం మాట. బొమ్మ చేతికి తగిలే వస్తువు కాదు కదా, దానికి సొత్తు అనే పేరు ఎలా వర్తిస్తుందని కొందరు అడుగుతారు. ఈ విషయంలో ఉపఖండపు పండితుల్లో కొందరు మొదట భిన్నంగా ఆలోచించిన మాట నిజమే. అయితే 1988 డిసెంబరులో కువైత్‌లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఐదవ సమావేశం దీనిని చర్చించింది. రచన, ఆవిష్కరణ, వ్యాపార నామం వంటి హక్కులకు షరీఅత్‌లో రక్షణ ఉందని, వాటిని అతిక్రమించడం తగదని తీర్మానించింది. అంటే ఇది హుఖూఖుల్ ఇబాద్‌కు, తోటి దాసుల హక్కులకు చెందిన వ్యవహారం. ఆ హక్కు తీరాలంటే హక్కుదారు దగ్గరకే వెళ్లాలని మన పెద్దలు చిన్ననాటి నుండి నేర్పారు. ఇతరుల ఇళ్లలోకి అనుమతి అడిగి, సలాం చెప్పి గాని ప్రవేశించరాదని దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరా మనకు నేర్పిన మర్యాద. ఇతరుల శ్రమలోకి అడుగుపెట్టేటప్పుడు కూడా ఆ మర్యాదే శోభిస్తుంది.

తెరిచిన తలుపులు

అలాగని ప్రతి బొమ్మకూ ఫోన్ చేయాలా? అక్కరలేదు. తమ ఫొటోలను అందరూ వాడుకోవచ్చునని ముందే రాసిపెట్టినవారు లక్షల్లో ఉన్నారు. ఆ రాతపూర్వక ఇజాజత్‌కే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు అని పేరు. ఈ లైసెన్సులు 2002 డిసెంబరులో మొదటిసారి వెలువడ్డాయి. వాటిలో కనిపించే పొడి అక్షరాల అర్థం తెలిస్తే భయం తీరుతుంది.

బై: తీసినవారి పేరు చెప్పాలి, మార్పులు చేస్తే ఆ సంగతీ చెప్పాలి.
ఎస్ఏ: మార్చి పంచిపెట్టిన బొమ్మను కూడా అదే లైసెన్సు కింద ఇతరులకు ఇవ్వాలి.
ఎన్‌సీ: వ్యాపారానికి వాడరాదు. డబ్బు తీసుకుని పనిచేసే దుకాణాలు వీటిని పక్కన పెట్టడమే క్షేమం.
ఎన్‌డీ: మార్చిన బొమ్మను పంచిపెట్టరాదు. సరిదిద్దే పనికి ఇవి పనికిరావు.
సీసీ జీరో: తీసినవారు తమ హక్కులన్నింటినీ వదులుకున్నారు.

2004 సెప్టెంబరులో మొదలైన వికీమీడియా కామన్స్ ఇలాంటి బొమ్మల పెద్ద భాండారం. ఎన్‌సీ, ఎన్‌డీ షరతులున్న బొమ్మలను అక్కడ చేర్చుకోరు కనుక దుకాణం పనికి అనువైన చోటు. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియాలోని వ్యాసాల్లో మనం చూసే ఊళ్ల ఫొటోల్లో చాలావరకు అక్కడివే. బొమ్మ మీద నొక్కితే తీసినవారి పేరు, లైసెన్సు, తేదీ ఒకేచోట కనిపిస్తాయి. ఆ పుట చదివాకే బొమ్మను దింపుకోవాలి.

బొమ్మకూ సనద్

పేరు చెప్పడం చిన్న షరతుగా కనిపిస్తుంది. మన సంప్రదాయంలో దాని విలువ చాలా పెద్దది. హదీసును స్వీకరించే ముందు మన పండితులు ఎవరు ఎవరి నుండి విన్నారో పేరుపేరునా పరిశీలించారు. ఇమామ్ బుఖారీ, ఇమామ్ ముస్లిం గ్రంథాల్లో ప్రతి హదీసుకూ ముందు నడిచేది ఆ పేర్ల వరుసే. నస్ఖ్, సులుస్ లిపుల్లో రాసే ఖత్తాతులు తమ గురువు ఇజాజత్ ఇచ్చేవరకు తమ రాతకింద సంతకం చేసేవారు కారు. ఇచ్చిన తరువాత ‘కతబహూ’ అని రాసి పేరు చేర్చేవారు. ఏ మాట ఎక్కడిదో, ఏ గీత ఎవరిదో చెప్పకుండా దాటవేయడం ఈ ఉమ్మత్‌కు అలవాటు లేని పని.

కాబట్టి పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఒక పంక్తి చేరిస్తే సరిపోతుంది: “ఫొటో: ఫలానావారు, వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్ఏ 4.0. అంచులు కత్తిరించి, వెలుతురు పెంచాము.” ఇందులో నాలుగు సంగతులున్నాయి. తీసింది ఎవరు, దొరికింది ఎక్కడ, అనుమతి ఏది, మనం చేసిన మార్పు ఏది. ఆన్‌లైన్‌లో పంచుకునేటప్పుడు బొమ్మకు, లైసెన్సుకు లింకులు కూడా జోడించాలి.

దీనితోపాటు దుకాణంలో ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ఏ పనికి ఏ బొమ్మ, ఎక్కడి నుండి, ఏ లైసెన్సుతో, ఏ తేదీన తీసుకున్నామో రాసుకోవాలి. దివ్యఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ అప్పులను రాసిపెట్టుకోవడం గురించినది. బఖరా సూరాలోని 282వ ఆయత్ అది. పరుల దగ్గర తీసుకున్నదానిని రాసుకునే అలవాటు మనకు అక్కడి నుండి వచ్చింది.

దిద్దడం వేరు, మభ్యపెట్టడం వేరు

సరిదిద్దే విద్యలోనూ హలాల్ హరామ్ హద్దులున్నాయి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు బజారులో ధాన్యపు కుప్పలో చేయిపెట్టి చూడగా అడుగున తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పగా, తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఉంచవలసిందని మందలించారు. సహీహ్ ముస్లింలోని ఈ సంఘటన నేటి ఫ్లెక్సీకీ వర్తిస్తుంది. మబ్బులో తీసిన బంగినపల్లి ఫొటోకు వెలుతురు పెంచడం దిద్దడం. కాయ మీది మచ్చలను తుడిచేసి, రంగు పులిమి కొనేవారిని రప్పించడం తడిసిన ధాన్యాన్ని అడుగున దాచడం. పెళ్లి సంబంధానికి పంపే ఫొటోలో మనిషి రూపాన్నే మార్చడం, ధ్రువపత్రం మీద తేదీ మార్చి ఇమ్మని వచ్చినవారికి ఆ పని చేసిపెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. పని కాదనడం వల్ల పోయే వంద రూపాయలకన్నా నిజాయితీ దుకాణానికి ఎక్కువ ఆదాయం.

ముఖాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఫొటో తీసినవారి హక్కు ఒకటైతే, ఫొటోలో ఉన్నవారి గౌరవం మరొకటి. 2021 జులైలో, మళ్లీ 2022 జనవరిలో మన దేశపు ముస్లిం స్త్రీలు ఎందరివో ఫొటోలను సామాజిక మాధ్యమాల నుండి ఎత్తుకుని, ‘వేలం’ పేరుతో యాప్‌లలో ఉంచి అవమానించారు. 2022లో అరెస్టయినవారిలో 20 ఏళ్ల ప్రాయపు విద్యార్థులున్నారు. వారికి కంప్యూటర్ విద్య వచ్చు, హయా మాత్రం రాలేదు. విద్య నేర్పే ఇల్లు ఆ రెండూ కలిపి నేర్పాలి.

డీటీపీ దుకాణానికి కుటుంబాలు తమ ఆడపిల్లల ఫొటోలను నమ్మకంతో పంపుతాయి. అవి అమానత్. పని పూర్తయి, ఖాతాదారు తృప్తిపడ్డాక వాటిని కంప్యూటర్ నుండి, ఫోన్ నుండి తొలగించాలి. నమూనా చూపడానికి ఇతరుల కార్డులను ముఖాలతో, ఫోన్ నంబర్లతో సహా చూపరాదు. ఫోన్‌తో తీసిన ఫొటోలో తీసిన స్థలం వివరాలు కూడా దాగి ఉండవచ్చు. జింప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ‘ఎగ్జిఫ్’ సమాచారాన్ని భద్రపరిచే గుర్తును తీసివేస్తే అవి వెంట వెళ్లవు.

ఆ ఫోనుకు జవాబు

ఇప్పుడు సోదరి మూడవ ప్రశ్న. మీరు తెలిసి, అపహరించాలనే సంకల్పంతో చేయలేదు. సంకల్పాలు అల్లాహ్‌కు తెలుసు. కనుక ‘దొంగ’ అనే మాటను మీ మీద మీరే వేసుకోనక్కరలేదు. అయితే తెలియక తొక్కినా పొరుగువారి పైరు నలుగుతుంది. వారి హక్కు ఇంకా మీ దగ్గరే ఉంది.

మీ తండ్రిగారి చేత ఆయనకు తిరిగి ఫోన్ చేయించండి. ఎన్ని ప్రతులు వేశారో, ఎంత తీసుకున్నారో దాచకుండా చెప్పండి. మన్నింపు కోరండి. న్యాయమైన రుసుము అడిగితే చెల్లించండి, ఒక్కసారి కుదరకపోతే వాయిదా అడగండి. మన్నిస్తే కృతజ్ఞత తెలిపి, ఇకముందు వాడుకోవడానికి అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. కాదంటే ఆ ఫైలును తొలగించి, పట్టిక చేయించుకున్న మసీదు కమిటీకి కూడా ఆ సంగతి తెలపండి. “అందరూ చేస్తున్నదే కదా” అనిగాని, “దీన్ పని కోసమే కదా” అనిగాని వాదించకండి. పరుల స్థలాన్ని ఆక్రమించి అక్కడ మసీదు కట్టడాన్ని మనం ఒప్పుకోము. పరుల ఫొటోతో కట్టిన రమజాన్ పట్టికకూ అదే న్యాయం.

ఈ నెల అభ్యాసం

రాబోయే రమజాన్ పట్టికకు ఫొటో వెతకవలసిన పనిలేదు. మీ ఊరి మసీదు మీ ఊళ్లోనే ఉంది. భవనాన్ని ఫొటో తీయడం కట్టినవారి కాపీరైటుకు భంగం కాదని మన చట్టంలోని 52వ సెక్షన్ చెబుతున్నది. కమిటీ పెద్దలకు ఒక మాట చెప్పి, ఉదయపు ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, నమాజీలు లేని వేళ, బయటి నుండి నాలుగైదు ఫొటోలు తీయండి. తమ్ముడు తీసినా ఫరవాలేదు, పేరు మాత్రం అతనిదే వేయండి. జింప్‌లో అంచులు కత్తిరించి, లెవెల్స్ సరిచేసి, మండలి ఫాంటులో ఊరి పేరు రాయండి. 300 డీపీఐలో ఒక ప్రతి అచ్చుతీసి చూసుకోండి.

బాగా వచ్చిన ఫొటోను, అక్షరాలు చేర్చక ముందరిదానిని, తీసినవారే తమ పేరుతో వికీమీడియా కామన్స్‌లో చేర్చవచ్చు. సొంతంగా తీసినదే చేర్చాలి, వాట్సాప్‌లో వచ్చినవి అక్కడ చెల్లవు. రేపు మరో ఊరిలో మరో సోదరి పట్టిక తయారుచేయడానికి కూర్చున్నప్పుడు ఆ ఫొటో ఎవరినీ నొప్పించకుండా ఆమెకు అక్కరకొస్తుంది. సంకల్పం మంచిదైతే అది సదఖయె జారియా కాగలదని మా ఆశ.

వచ్చే నెల, ఇన్షాఅల్లాహ్, తాతల కాలపు పాత కాగితాలను, నికాహ్‌నామాలను స్కాన్ చేసి, మరకలు తగ్గించి భద్రపరిచే విధానం చెప్పుకుందాం. ఇంట్లో అలాంటి కాగితం ఉంటే ఇప్పటి నుండే మడతలు విప్పి, బరువైన పుస్తకం కింద ఉంచండి.